కింది గుండీ

పసిపిల్ల గువ్వ గొంతులోంచి బయటపడ్డ గుండీ ఇంకా అత్తగారి గుప్పిట్లోనే ఉంది. ఆవిడ దాన్ని కింద పెట్టదు, పారెయ్యదు, అడిగినవాళ్ళకి ఇవ్వదు. మంచం అంచున కూర్చుని గుప్పిట విప్పడం, చూడడం, మళ్ళీ మూసుకోవడం. ఇదే పని.

"బఠాణీ గింజంత లేదే ఇది! దీని కోసం పిల్ల ప్రాణం పోయేది కదే!"



గువ్వకి కింది పళ్ళు వస్తున్నాయి. చేతికందిందల్లా నోట్లోకే. చొక్కా అంచు నములుతోందని అందరూ చూస్తూనే ఉన్నారు, నవ్వుకుంటూనే ఉన్నారు. ఆ నవ్వు పూర్తి కాకుండానే పిల్ల మొహం నీలంగా మారింది. అత్తగారు చప్పున ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద చరచబట్టి సరిపోయింది. కోడళ్ళిద్దరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. వీధి మలుపులో ఉన్న క్లినిక్ డాక్టరమ్మ గొంతులో లైటు వేసి చూసి, ఊపిరి విని, "భయం లేదు, తీసుకెళ్ళండి" అంది. భయం లేదట! ఆవిడ లేదన్నంత మాత్రాన పోతుందా?

పిల్ల తండ్రి, ఆ ఇంటి చిన్న కొడుకు, లారీ డ్రైవరు. కబురందగానే సరుకుతో వెళ్తున్న లారీని దారి మళ్ళించి, వీధి మొదట్లో ఆపి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినప్పటినుంచీ గోడకి ఆనుకునే నిలబడ్డాడు. చిన్న కోడలు గువ్వని భుజాన వేసుకుని కిటికీ దగ్గరుంది. పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. అయినా దించదు.

"ఏమే చిన్నదానా, పొద్దున ఆ చొక్కా తొడిగింది నువ్వే కదూ?" అంది అత్తగారు. "ఫ్యాక్టరీలో పారేసే రిజెక్టు బట్టలు ఇంటికి తేవొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? కన్నపిల్లకి కూడా చెత్తేనా నీ చేతికి దొరికింది?"

చిన్న కోడలు తల వంచుకుంది.

చెప్పొద్దూ, ఆ ఇంట్లో అందరికంటే గట్టి నోరు ఆ అమ్మాయిదే. అత్తగారు ఒకటంటే నాలుగంటుంది. ఫ్యాక్టరీలో బటన్ మిషన్ మోతని మించి వినిపించే గొంతు అని లైనంతా నవ్వుకుంటారు. అలాంటి మనిషి ఇంత మాట పడి నోరు మెదపకపోవడం పెద్ద కోడలికి వింతగా తోచింది. పాపం, అదిరిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

"అమ్మ అడుగుతోంది, మాట్లాడవేం?" అన్నాడు మరిది గోడ దగ్గర్నుంచి.

"దాన్నేం అడక్కండి. ఆ చొక్కా తెచ్చింది నేను," అంది పెద్ద కోడలు.

అత్తగారు ఇటు తిరిగింది.

"నువ్వా?"

"నేనే అత్తయ్యా. అది రిజెక్టు కాదు. రిజెక్టయితే మెడ దగ్గర లేబులు కత్తెరతో కోసేస్తాం. చూడండి, లేబులు ఎంత బాగుందో. ఆర్డరు పూర్తయిందని మేనేజరు గారు మిగిలిన పీసులు పంచారు. మన గువ్వకి సరిపోతాయని రెండు నేనే ఏరి తెచ్చాను. ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ. నా రూములో లాగి చూసి పాస్ చేసిన లాట్ అది. కళ్ళు మూసుకుని తొడుగు అని దీనికి చెప్పింది కూడా నేనే."



బట్టల ఫ్యాక్టరీలో టెస్టింగ్ రూము పెద్ద కోడలిదే. రంగు దిగుతుందా, ఉతికితే కుంచించుకుపోతుందా, కుట్టు విడుతుందా, గుండీ ఊడుతుందా, అన్నీ ఆ గదిలోనే తేలాలి. అత్తగారికి అదెంత గొప్పో! "మా పెద్ద కోడలి చెయ్యి పడందే ఒక్క చొక్కా గేటు దాటదు" అని కూరగాయలమ్మే ఆవిడకి కూడా చెప్పేది. ఆ అత్తగారే ఇప్పుడు కోడలిని పైనుంచి కిందికి చూసింది.

"అయితే పాసంటే ఏమిటే నీ భాషలో? పిల్ల గొంతులో పడేది పాసా?"

పెద్ద కోడలికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. బుర్రలో ఒకటే మాట గిర్రున తిరుగుతోంది. ఊడదు, ఆ గుండీ ఊడదు. ఊడకూడదు!

పసుపు చొక్కా చేతిలోకి తీసుకుని చూసింది. ఇవి కుట్టే గుండీలు కావు, నొక్కితే టక్కున పడే టిచ్ బటన్లు. గుండీ కింద చిన్న చిన్న పళ్ళుంటాయి. మిషన్ నొక్కితే ఆ పళ్ళు బట్టని కరుచుకుని అటువైపు ముడుచుకుంటాయి. బట్ట దళసరిగా ఉంటే పెద్దవాళ్ళు లాగినా కదలవు. చొక్కాకి పైన వరసగా ఉన్న గుండీలన్నీ చెక్కుచెదరలేదు. అన్నిటికంటే కింద ఉండాల్సిన చోట మాత్రం గుండ్రంగా చిల్లు.

"బాబూ," అంది మరిదితో. "నీ సంచిలో కటింగ్ ప్లయర్ ఉందా?"

"ఇప్పుడెందుకు వదినా అవన్నీ?"

"ఉందా లేదా?"

ఆమె మొహం చూసి అతను మారుమాట్లాడకుండా తెచ్చిచ్చాడు. పెద్ద కోడలు బీరువాలోంచి ఇంకా మడత విప్పని ఆకుపచ్చ చొక్కా తీసింది. స్నానాల గదిలోంచి సగం నీళ్ళున్న బకెట్ మోసుకొచ్చింది. ప్లయర్‌తో పై గుండీని కరిచిపట్టి, పిడులు విడిపోకుండా తాడు చుట్టి, ఆ తాడునే బకెట్‌కి కట్టింది.

"దీనికి మతిపోయింది," అంది అత్తగారు. మామూలుగా అయితే ఇంకో నాలుగు మాటలు అనేదే. ఇవాళ అంతటితో ఊరుకుంది.

"నువ్వు గుండీకి రెండు పక్కలా బట్ట గట్టిగా పట్టుకుని పైకి ఎత్తు బాబూ. కుదపకు, మెల్లిగా. మా మిషన్ లాగేది ఇంచుమించు ఇంత బరువే."

మరిది ఎత్తాడు. బకెట్ నేల వదిలి లేచింది. గుండీ కదల్లేదు. బకెట్ ఊగుతున్నా, నీళ్ళు కాస్త ఒలికినా గుండీ ఉన్నచోటే ఉంది. పెద్ద కోడలికి పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"చూశారా అత్తయ్యా? ఇలా ఉండాలి. నేను పాస్ చేసింది ఇలాంటి గుండీనే."

"మరి కిందిది?"

"అదీ ఇంతే ఉంటుంది. ఆ ఒక్క చొక్కాలోనే ఏదో..."

తాడు విప్పి, ప్లయర్‌తో కింది గుండీని కరిచిపట్టి మళ్ళీ అలాగే కట్టింది. మరిది బట్ట పట్టుకుని పైకి ఎత్తబోయాడు. బకెట్ నేల వదల్లేదు. టప్పున చిన్న చప్పుడు, అంతే. తాడూ ప్లయరూ, ఊడిన గుండీతో సహా వెళ్ళి బకెట్లో పడ్డాయి. నీళ్ళు చింది నలుగురి కాళ్ళూ తడిశాయి.

మరిది చేతిలో ఖాళీ చొక్కా మిగిలింది. దానికీ అదే చోట, అదే గుండ్రటి చిల్లు.



"వదినా, నేను గట్టిగా లాగనే లేదు," అన్నాడు మరిది. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "ఒట్టు. ఊరికే పట్టుకున్నానంతే."

పెద్ద కోడలు చొక్కాని కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి చూసింది. గుండీల వెంట లోపలివైపు మడత పట్టీ ఒకటి వేస్తారు. గుండీ పళ్ళకి పట్టు దొరికేది అందులోనే. పై గుండీల దగ్గర పట్టీ నల్లగా, మందంగా కనిపించింది. కిందికి వచ్చేసరికి వేలెడంత ముందే పట్టీ అయిపోయింది. చివరి గుండీ ఉన్నచోట వెలుతురు బట్టలోంచి ఇవతలికి పడుతోంది. ఒంటి పొర. అంత పల్చటి బట్టని ఇనప పళ్ళు పట్టి ఉంచుతాయా, కోసిపారేస్తాయి గానీ.

 రోజూ పొద్దున్నే బటన్ మిషన్ దగ్గర్నుంచి తన రూముకి గుండీలు కొట్టిన గుడ్డముక్కలు వస్తాయి. వాటిని లాగి చూసి పాస్ అంటేనే ఆ రోజు మిషన్ నడవాలి. ఈ ఆర్డరు నడిచినన్నాళ్ళూ వచ్చిన ప్రతి ముక్కా రాయిలా నిలిచింది. ప్రతి ముక్కలోనూ పట్టీ ఉంది.

బటన్ మిషన్ మీద కూర్చునేది చిన్న కోడలు.

"బుజ్జీ," అంది పెద్ద కోడలు.

చిన్న కోడలు తల ఎత్తలేదు.

"నాకు పంపిన ముక్కలన్నిటికీ పట్టీ ఉందేం?"

చిన్న కోడలు గువ్వని ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

"పట్టీ పొట్టిగా వచ్చిందని నీకు తెలుసా?"

"ఏమిటే ఆ అడగడం?" అని అత్తగారు అడ్డం వచ్చింది. "దానికేం తెలుస్తుంది? నొక్కమన్న చోట నొక్కుతుంది. పిల్ల పోబోయి దక్కిందని అది చచ్చీ చెడీ నిలబడుంటే..."

"తెలుసు," అంది చిన్న కోడలు.

అత్తగారు చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"మొదటిరోజే చూశానక్కా. పట్టీ కింది గుండీ దాకా రావట్లేదని లైనులో చెప్పాను. గుడ్డ అలాగే వచ్చింది, కొట్టెయ్ అన్నారు. కొట్టేశాను. టెస్టుకి మాత్రం... పట్టీ ఉన్న ముక్కల మీద కొట్టి పంపాను."

"ఎందుకే?" ఆ మాట పెద్ద కోడలి నోట్లోంచి అరుపులా వచ్చింది. గువ్వ ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుంది. "ఎందుకు చేశావే అంత పని?"

"నీ కోసమే!" చిన్న కోడలు అప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పోయిన ఆర్డర్లో నా ముక్క ఫెయిల్ అన్నావు. లైనంతా ఆగిపోయింది. అందరూ నీ మీద పడ్డారు. తోటికోడళ్ళిద్దరూ ఇంట్లో పోట్లాడుకుని ఇక్కడ తీర్చుకుంటున్నారని మొహం మీదే అన్నారు. ఆరోజు నువ్వు అన్నం ముట్టలేదు. నాకు తెలీదనుకున్నావా? గోడవైపు తిరిగి పడుకుని ఏడిచావు. మళ్ళీ నిన్ను ఎవరూ ఆ మాట అనకూడదనుకున్నాను. కింది గుండీ ఒక్కటే కదా, ఎవరు లాగుతారులే అనుకున్నాను. ఎవరు లాగుతారులే అని..."

ఇంక మాట రాలేదు. గువ్వ వీపు మీద మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్ద కోడలు తడి నేల మీదే కూలబడింది. తిడదామంటే తిట్టు రాలేదు. దగ్గరికి తీసుకుందామంటే చేతులు లేవలేదు. తన కోసమట! తన మీద ప్రేమతో అది కొట్టిన గుండీ దాని పిల్ల గొంతులోకే వచ్చింది. ఇలాంటి మాట వింటానని పొద్దున ఎవరైనా చెప్పుంటే నవ్వి ఉండేది.

"దీన్ని అని ఏం లాభం?" అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "ముక్కలు లాగితే చాలదు. తయారైన చొక్కాలు కూడా తీసుకుని, ఒక్కో గుండీ లాగి చూడాలి. అది నా పని. ఇదివరకు చేసేదాన్ని. ఇది మిషన్ మీదికి వచ్చాక మానేశాను. మన పిల్ల పంపిన ముక్కే కదా, నన్ను మోసం చేస్తుందా, బంగారం లాంటి చొక్కాలు చింపడమెందుకూ అనుకున్నాను. ఒక్క చొక్కా చింపి ఉంటే మొదటిరోజే తెలిసేది."

"పోనీలే, అయిందేదో అయింది," అంది అత్తగారు. ఆవిడ గొంతులో ఇందాకటి వేడి లేదు, వణుకుంది. "పిల్ల బతికి బట్టకట్టింది. అది చాలు. ఆ రెండు చొక్కాలూ ఇటివ్వు, పొయ్యిలో పడేస్తాను. ఈ సంగతి ఈ నాలుగు గోడలూ దాటకూడదు. విన్నారా?"

పెద్ద కోడలు వినలేదు. ఆమె మరిదివైపు చూస్తోంది. అతను చొక్కా వంక చూస్తున్నాడు.

"బాబూ, లారీలో ఏముంది?"

అతను మొహం తిప్పుకున్నాడు.

"నిన్నే. లారీలో ఏం వేసుకొచ్చావు?"

"అట్టపెట్టెలు."

"పెట్టెల్లో?"

"నన్నెందుకు అడుగుతావు వదినా? పాస్ చేసిందానివి నువ్వు. నీకు తెలీదా?"

తెలుసు. పసుపువీ, ఆకుపచ్చవీ, పసిపిల్లల చొక్కాలు. ఇవాళ ఓడరేవు చేరాలి. కిటికీలోంచి చూస్తే వీధి మొదట్లో లారీ ముందుభాగం కనిపిస్తూనే ఉంది. పిల్లలెవరో దాని నీడలో ఆడుకుంటున్నారు.

పెద్ద కోడలు లేచి ఫోను అందుకుంది.

"ఎవరికి?" మరిది ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ వదిన చెయ్యి అలా పట్టుకుని ఎరగడు. "ఎవరికి వదినా?"

"మేనేజరు గారికి. లాట్ వెనక్కి తిప్పాలి."

"తిప్పితే దీన్ని బతకనిస్తారా? తెలిసి చేసిందని అంటారు. పనిలోంచి తీసేస్తే పోనీ అనుకోవచ్చు. కేసు పెడితే? పోలీసులొస్తే? గువ్వని ఎవరు చూస్తారు?"

"వదులు బాబూ."

"నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను. అక్కా అక్కా అని నీ వెనకే తిరిగింది కదా, దానికి నువ్విచ్చేది ఇదా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పెద్ద కోడలు చిన్న కోడలి మొహంలోకి చూసింది. వద్దక్కా అంటుందేమోనని చూసింది. అననీ, ఒక్కసారి అననీ, ఫోను పక్కన పెట్టేస్తాను అని కూడా అనుకుంది. ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

చిన్న కోడలు ఏమీ అనలేదు. నిద్రలో తెరుచుకున్న గువ్వ నోరు చూస్తోంది. కింది చిగురు మీద తెల్లగా పొడుచుకొస్తున్న పన్ను కనిపిస్తోంది.

పెద్ద కోడలు చెయ్యి విడిపించుకుంది.

"అత్తయ్యా, ఆ గుండీ ఇటివ్వండి. వాళ్ళకి చూపించాలి."

"ఇవ్వను," అంది అత్తగారు, గుప్పిట గుండెలకి అదుముకుని. "నా కొంప నువ్వే ముంచుతావా? చచ్చినా ఇవ్వను."

"ఇవ్వకపోతే మానెయ్యండి. బకెట్లో ఇంకోటుంది."

నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించింది. అవతల మేనేజరు ఎత్తేలోపే గదిలోంచి మరిది వెళ్ళిపోయాడు. తలుపు దభాలున గోడకి కొట్టుకుంది.

"చెప్పండమ్మా. పాపకెలా ఉంది?" అన్నాడు మేనేజరు. పాపం, మంచిగానే అడిగాడు.

"బాగానే ఉంది సార్. సార్, పసిపిల్లల చొక్కాల లాట్ ఆపండి. అది ఫెయిల్."

"ఫెయిలా? ఏం మాట్లాడుతున్నారు? మీరే కదా పాస్ చేశారు?"

"నేనే చేశాను. కింది గుండీ ఊడుతోంది సార్. మా పాప మింగింది ఆ గుండీనే."



"టెస్టు ముక్కలన్నీ నిలిచాయన్నారు కదా," అన్నాడు మేనేజరు. ఈసారి గొంతు మారింది. "ఆ ముక్కలు ఎవరు చేశారు?"

పెద్ద కోడలు ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఆ పేరు చెప్పాలి. చెప్పడానికే ఫోను చేసింది. రోజుకి పదిసార్లు ముద్దుగా పిలిచే పేరు ఇప్పుడు గొంతు దాటి రావడం లేదు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో లారీ స్టార్టయింది.

"వాడు వెళ్ళిపోతున్నాడు!" అంది అత్తగారు. ఆవిడ గొంతులో పలికింది భయమో సంతోషమో చెప్పడం కష్టం. "పోనీ, పోనీ నాయనా!"

పెద్ద కోడలు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కిటికీ దగ్గర చిన్న కోడలు లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది.

వీధిలోకి చూసింది. చెప్పులైనా వేసుకోకుండా, గువ్వని భుజాన వేసుకుని చిన్న కోడలు నడిరోడ్డు మీద పోతోంది. పరుగెత్తడం లేదు, పిల్ల లేస్తుందేమోనని జాగ్రత్తగా, కానీ ఆగకుండా నడుస్తోంది. ఆడుకుంటున్న పిల్లలు పక్కకి తప్పుకున్నారు. కదలబోతున్న లారీకి ఎదురుగా, అద్దం చేతికందేంత దగ్గరలో వెళ్ళి నిలబడింది.

మరిది హారను కొట్టాడు. గువ్వ లేచి గుక్కపట్టింది. చిన్న కోడలు కదల్లేదు.

"వినిపిస్తోందా అమ్మా?" ఫోనులో మేనేజరు అడుగుతున్నాడు. "ముక్కలు చేసింది ఎవరు?"

అక్కడినుంచి చిన్న కోడలు వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. ఫోనులో ఏం అడుగుతున్నారో తెలిసినట్టే తల ఊపింది. చెప్పక్కా, అన్నట్టు.

పెద్ద కోడలు నోరు తెరిచింది. లారీ ఇంజిను ఇంకా మోగుతూనే ఉంది.